వోల్టేజీకి హద్దు గీసిన తరువాతే వేగం

“పాతదే కదా మామయ్యా, పోతే పోనీ. ఒకేసారి నలభై ఎనిమిది పెట్టేద్దాం” అని మా మేనల్లుడు బయోస్ (కంప్యూటరు మొదలయ్యేటప్పుడే దాని మూల అమరికలను మార్చుకునే చోటు) తెర ముందు కూర్చుని అన్నప్పుడు, నేను కీబోర్డును వాడి ముందు నుంచి తీసి పక్కన పెట్టాను. నలభై ఎనిమిది అన్నది మల్టిప్లయర్ విలువ, అంటే ప్రాసెసర్ మూల గడియారాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే సంఖ్య. అలా మారిస్తే ప్రాసెసర్‌ను 4.8 గిగాహెర్ట్జ్ వేగంతో నడవమని ఆదేశించినట్లే. మా ఇంట్లో ఉన్నది ఇంటెల్ కోర్ ఐ5-2500కె. 2011 జనవరిలో శాండీ బ్రిడ్జ్ తరంతో వచ్చిన, 32 నానోమీటర్ల పద్ధతిలో తయారైన, నాలుగు కోర్ల ప్రాసెసర్ అది. దాని అసలు వేగం 3.3 గిగాహెర్ట్జ్. తయారీదారు పెట్టిన ఆ వేగాన్ని మించి నడపడాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. మా వాడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. వస్తువులను పాడుచేసే స్వభావం వాడిది కాదు. పాత యంత్రాన్ని గురించి చాలామంది మనసులో ఉన్న మాటనే వాడు పైకి అన్నాడు. ఈ వ్యాసం ఆ ‘పోతే పోనీ’ అన్న మాటకు నేను వాడికి చెప్పిన, అప్పుడు సగంలో ఆగిపోయిన సమాధానం.

పాతది కాబట్టి తెగించవచ్చన్నది తలకిందుల లెక్క అని నా వాదన. కొత్త కంప్యూటరులో ఒక భాగం పోతే అలాంటిదే మరొకటి కొని తెచ్చుకోవచ్చు, వారంటీ ఉంటే ఆ ఖర్చు కూడా తప్పుతుంది. పాత కంప్యూటరులో ముందుగా పోయేది తరచుగా ప్రాసెసర్ కాదు, దానిని మోస్తున్న మదర్‌బోర్డు. ప్రాసెసర్‌కు కావలసిన వోల్టేజీని తయారుచేసి అందించే చిన్న చిన్న విద్యుత్ భాగాలూ, వాటి పక్కనే వరుసగా నిలబడి ఉండే కెపాసిటర్లూ పదికి పైగా వేసవులు చూసి ఉంటాయి. ఈ ప్రాసెసర్ కూర్చునే ఎల్‌జీఏ 1155 సాకెట్‌తో, మల్టిప్లయర్‌ను మార్చనిచ్చే పీ67, జడ్68 చిప్‌సెట్లతో (ప్రాసెసర్‌ను తక్కిన పరికరాలతో కలిపే బోర్డు చిప్‌లు) వచ్చిన బోర్డులు ఇప్పుడు కొత్తవి దొరకవు. దొరికేవన్నీ ఎవరో వాడి తీసేసినవే. అటువంటి బోర్డు కొనవలసి వస్తే ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. 2011 జనవరి 31న ఇంటెల్ తన 6 శ్రేణి చిప్‌సెట్లలో లోపం ఉందని ప్రకటించింది. హార్డ్‌డిస్కులు తగిలించే 3 గిగాబిట్ల సాటా పోర్టులు వాటిలో కాలం గడిచేకొద్దీ క్షీణిస్తాయని తేలి, సరిచేసిన కూర్పు అయిన బీ3 స్టెప్పింగ్ చిప్‌లను తరువాత విడుదల చేసింది. పాత బోర్డు పెట్టె మీదనో, బయోస్‌లోనో బీ3 అన్న గుర్తు ఉందో లేదో చూసుకోవడానికి నిమిషం కూడా పట్టదు. మొత్తం మీద పాత యంత్రంలో ఒక్క భాగం పోయినా తక్కిన భాగాలన్నీ దానితోపాటు నిరుపయోగమవుతాయి. ప్రాసెసర్ బాగుంటుంది, ర్యామ్ బాగుంటుంది, కానీ వాటిని పెట్టుకోవడానికి చోటు ఉండదు. అందువల్ల జాగ్రత్త తగ్గవలసిన చోటు కాదు ఇది, పెరగవలసిన చోటు.

రెండో కారణం నాకు మరింత ముఖ్యమైనది, ఎందుకంటే దానికి నేను మూల్యం చెల్లించాను. ఓవర్‌క్లాకింగ్ అనగానే అందరికీ ప్రాసెసర్ కాలిపోతుందన్న భయమే ముందు కలుగుతుంది. నిజానికి ఈ ప్రాసెసర్ తనను తాను కాపాడుకోగలదు. లోపలి ఉష్ణోగ్రత 98 డిగ్రీల హద్దును తాకగానే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, అప్పటికీ అదుపులోకి రాకపోతే యంత్రం ఆగిపోతుంది. అసలు ప్రమాదం కాలిపోవడంలో లేదు, తప్పు లెక్క వేసి కూడా ఏమీ ఎరగనట్లు పని కొనసాగించడంలో ఉంది. మా నాన్నగారి షష్టిపూర్తికి తీసిన పదకొండు గిగాబైట్ల ఫొటోలను నేను ఈ కంప్యూటరులోనే ఒక 7-జిప్ ఫైలుగా కుదించి దాచాను. అప్పట్లో ప్రాసెసర్‌ను 4.5 గిగాహెర్ట్జ్ వద్ద నడుపుతున్నాను. పది నిమిషాల పరీక్షలో నెగ్గింది, ఆటలు ఆడింది, సినిమాలు చూపించింది. విండోస్ కుప్పకూలినప్పుడు వచ్చే నీలి తెర ఒక్కసారి కూడా రాలేదు. హార్డ్‌డిస్కులో చోటు చాలడం లేదని అసలు ఫొటోల ఫోల్డరును తీసేశాను. ఏడాది తరువాత మరో కంప్యూటరులో ఆ ఫైలును విప్పబోతే ‘సీఆర్‌సీ ఫెయిల్డ్’ అని, అంటే లోపలి సమాచారం చెడిందని వచ్చింది. వచ్చినంత మేరకు బయటికి తీసి చూశాను. ఒక ఫొటోలో పై సగం సక్రమంగా ఉంది: మామిడాకుల తోరణం, పందిట్లో వేలాడదీసిన అరటి గెల, అమ్మ కొప్పులోని మల్లెపూలు. ఆ కింద నుంచి బొమ్మ పక్కకు జరిగి, ఆకుపచ్చ, ఊదా చారలుగా మారి, నాన్నగారి ముఖం ఉండవలసిన చోట బూడిదరంగు పలక మాత్రమే మిగిలింది. ఆ తరువాతి ఫొటోలు చాలావరకు అసలు తెరుచుకోలేదు. చుట్టాల దగ్గరున్న కొన్ని ప్రతులతో కొంత నష్టం పూడింది, పూర్తిగా పూడలేదు.

కుదించే సమయంలో ఒక్క అంకె తప్పి ఉంటే చాలు, దానిని ఆనుకుని ఉన్నదంతా తప్పుతుంది. ఆ తప్పును పట్టుకోవడానికి నేను చేయవలసిన పని చాలా చిన్నది: ఫైలు తయారవగానే ‘టెస్ట్’ అన్న మీట నొక్కడం, అసలు ఫోల్డరును తీసేయకుండా ఉండడం. అంతకుముందే చేయవలసిన పని మరొకటి ఉంది. ప్రాసెసర్ నిలకడగా ఉందని నమ్మే ముందు దానిని గట్టిగా పరీక్షించడం. ‘పోతే పోనీ’ అన్నప్పుడు మనం పోయేది యంత్రం అనుకుంటాం. యంత్రం పోలేదు, అది ఇప్పటికీ నడుస్తోంది. అది చేసిన పని పోయింది.

ఇక ఇందులోని విద్యుత్తు లెక్క చూద్దాం. ఈ తరం ప్రాసెసర్‌లో 100 మెగాహెర్ట్జ్ మూల గడియారం ఉంటుంది, దానిని మల్టిప్లయర్‌తో హెచ్చవేస్తే కోర్ వేగం వస్తుంది. 33తో హెచ్చవేస్తే 3300 మెగాహెర్ట్జ్. పూర్వం మూల గడియారాన్నే పెంచేవారు. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఎ కథ ఈ రంగంలో అందరికీ తెలిసినదే: మల్టిప్లయర్ 4.5 వద్ద బిగించి ఉన్నా, బస్ వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు మార్చగానే 300 కాస్తా 450 అయ్యేది. ఓవర్‌క్లాకింగ్ అంటే ఊరికే వచ్చే వేగం అన్న నమ్మకానికి అటువంటి అనుభవాలే పునాది. శాండీ బ్రిడ్జ్‌తో ఆ దారి దాదాపు మూసుకుపోయింది. ఇందులో గ్రాఫిక్స్ కార్డు వంటివి తగిలించే పీసీఐ ఎక్స్‌ప్రెస్, సాటా వంటివి కూడా అదే మూల గడియారాన్ని ఆధారం చేసుకుని నడుస్తాయి కాబట్టి, దానిని నాలుగైదు మెగాహెర్ట్జ్‌కు మించి కదిపితే హార్డ్‌డిస్కులో రాసే సమాచారానికే ముప్పు వస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవారు మూల గడియారం జోలికి పోనేకూడదు. పేరు చివర ‘కె’ ఉన్న ప్రాసెసర్లకు మల్టిప్లయర్ తెరిచి ఉంటుంది. మన పనంతా దానితోనే.

ప్రాసెసర్ వాడే విద్యుత్తులో ఎక్కువ భాగం వేగానికి అనులోమంగా, వోల్టేజీ వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. ఈ ఒక్క సూత్రంలోనే నా వాదన అంతా ఉంది. నా ప్రాసెసర్ నాలుగు కోర్లూ పనిచేస్తున్నప్పుడు టర్బోతో (ప్రాసెసర్ అవసరాన్ని బట్టి తానే వేగం పెంచుకునే ఏర్పాటు) 3.4 గిగాహెర్ట్జ్ వద్ద, సుమారు 1.21 వోల్టులతో నడిచేది. 4.2 గిగాహెర్ట్జ్‌కు దానికి 1.26 వోల్టులు సరిపోయాయి. వేగం 23 శాతానికి పైగా పెరిగితే విద్యుత్తు సుమారు 34 శాతం పెరిగింది. 4.5 గిగాహెర్ట్జ్ వద్ద నిలబడాలంటే 1.38 వోల్టులు అడిగింది. అప్పుడు విద్యుత్తు మొదటి దానికంటే 72 శాతం ఎక్కువ. అంటే 4.2 నుంచి 4.5కు వెళ్లడానికి వేగంలో 7 శాతం లాభం కోసం వేడిలో 28 శాతం అదనపు భారం మోయవలసి వచ్చింది. ఫొటోలు పోగొట్టుకున్న రోజుల్లో నేను 4.5 గిగాహెర్ట్జ్‌కు పెట్టిన వోల్టేజీ 1.34 మాత్రమే, అది ఆటలకు చాలింది, లెక్కలకు చాలలేదు. మొదటి మూడొంతుల వేగం చవకగా దొరుకుతుంది, మిగిలిన ఒక్క వంతుకు చెల్లించేదే ఎక్కువ. ఆ వేడినీ ఆ విద్యుత్తునూ మోసేది వయసు మళ్లిన బోర్డు. పైగా వోల్టేజీ, వేడి రెండూ కలిసి చిప్పు లోపలి సన్నని లోహపు తీగల్లో పరమాణువులను నెమ్మదిగా కదుపుతాయి. ఎలక్ట్రోమైగ్రేషన్ అనే ఈ అరుగుదల ఒక్క రోజులో కనిపించదు. రెండేళ్ల తరువాత, నిన్నటి వరకు సరిపోయిన వోల్టేజీ ఈరోజు చాలకపోవడంగా బయటపడుతుంది.

అందువల్ల నేను చెప్పే క్రమం, చాలామంది చేసే క్రమానికి వ్యతిరేకంగా ఉంటుంది. సాధారణంగా ముందు ఒక వేగాన్ని మనసులో పెట్టుకుని, అది నిలబడే వరకు వోల్టేజీ పెంచుతూ పోతారు. ఆ పద్ధతిలో ఎక్కడ ఆగాలో చెప్పేది ఏదీ ఉండదు. నేను ముందు వోల్టేజీకి హద్దు గీస్తాను, ఆ హద్దులోపల ఎంత వేగం వస్తే అంతే తీసుకుంటాను. నా హద్దు 1.30 వోల్టులు, అంటే నా ప్రాసెసర్ మామూలుగా వాడుకునే దానికంటే ఏడెనిమిది శాతం మాత్రమే ఎక్కువ. ఇది నేను నిర్ణయించుకున్న హద్దు; ఇంతకంటే ఎక్కువ పెట్టి ఏళ్ల తరబడి నడిపినవారు ఉన్నారు. ఇంటెల్ డేటాషీటులో వోల్టేజీ పట్టిక 1.52 వరకు ఉంది కదా అని వాదించేవారు కూడా ఉన్నారు. ఆ పట్టిక ప్రాసెసర్ బోర్డును అడగగలిగే విలువల జాబితా, అంత వరకు పెట్టుకోవచ్చన్న అనుమతి కాదు. స్పీడోమీటరు మీద 160 అంకె ఉన్నంత మాత్రాన పాత బండి ఆ వేగానికి తగినదని ఎవరూ అనుకోరు.

ఒకరి విలువలను మరొకరు ఎత్తి రాసుకోవడం కూడా నాకు నచ్చని అలవాటు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చూస్తే తెలుస్తుంది. ప్రాసెసర్ల విషయంలో ఆ సూత్రం పనికిరాదు. ఒకే పేరుతో, ఒకే నెలలో తయారైన రెండు చిప్పుల్లో ఒకటి 1.25 వోల్టులతో 4.4ను మోయగలదు, రెండోది 4.1కే తడబడుతుంది. ఎదుటివారి ఫలితం మనకు దిశ మాత్రమే చూపుతుంది. నేను ఇక్కడ ఇచ్చిన 1.26, 4.2 అన్న అంకెలకు కూడా ఇదే వర్తిస్తుంది.

మల్టిప్లయర్‌ను తాకే ముందు చేయవలసిన పని చాలా ఉంది, నిజం చెప్పాలంటే ప్రయోజనంలో సగం ఆ పనిలోనే ఉంది. మేము విజయవాడలో ఉంటాం. మే నెలలో ఏసీ లేని గదిలో మధ్యాహ్నం పూట 38 డిగ్రీలు ఉంటుంది. హీట్‌సింక్ ఎంత గొప్పదైనా ప్రాసెసర్‌ను గది గాలికంటే చల్లగా ఉంచలేదు. గది ఉష్ణోగ్రతకు ఎంత దగ్గరగా తీసుకురాగలదన్నదే దాని సామర్థ్యం. ఇరవై డిగ్రీల గదిలో కూర్చుని పరీక్షించినవారు 70 డిగ్రీలు వచ్చిందని రాస్తే, అదే అమరిక మన దగ్గర 88 చూపిస్తుంది. నేను క్యాబినెట్ తలుపు తీసినప్పుడు పెట్టెలో వచ్చిన పాత కూలర్ రేకుల మధ్య దుమ్ము పరుపులా పేరుకుని ఉంది. ఏ ఓవర్‌క్లాకూ లేకుండానే ప్రాసెసర్‌తో బరువైన లెక్కలు చేయించి పరీక్షించే ప్రైమ్95 ప్రోగ్రామును పెట్టిన పది నిమిషాల్లో లోపలి ఉష్ణోగ్రత 91 డిగ్రీలకు చేరింది. కూలర్‌ను తీసి చూస్తే దానికీ ప్రాసెసర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్టు ఎండి, ఇంటి గోడ సున్నంలా పొడిపొడిగా రాలింది. అదంతా తుడిచి, బియ్యపు గింజంత కొత్త పేస్టు పెట్టి, అదే కూలర్‌ను మళ్లీ బిగిస్తే 79కి దిగింది. ఇంటెల్ పెట్టె కూలర్‌కు ఉండే నాలుగు ప్లాస్టిక్ కాళ్లను ఎదురెదురు మూలల జతలుగా నొక్కాలి. ప్రతి కాలికీ ‘టక్’ మన్న శబ్దం వినిపించాలి. తరువాత బోర్డు వెనుక వైపు చూసి, నాలుగు కాళ్లూ చీలి బయటికి వచ్చాయో లేదో తడిమి చూసుకోవాలి. ఒక్క కాలు సరిగ్గా పడకపోయినా కూలర్ ఒక వైపుకు లేస్తుంది, పదిహేను డిగ్రీల తేడా అక్కడే వస్తుంది. ఓవర్‌క్లాక్ చేయదలచినవారికి ఈ కూలర్ చాలదు. రాగి గొట్టాలు, 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఉన్న మామూలు టవర్ కూలర్ సరిపోతుంది. నేను అటువంటిదే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి తెచ్చుకున్నాను. దానితో అదే పరీక్ష 64 డిగ్రీల వద్ద నిలిచింది.

కంప్యూటరు భాగాలకు విద్యుత్తు అందించే పెట్టె అయిన ఎస్‌ఎంపీఎస్ గురించి ఎవరూ పట్టించుకోకపోవడం నన్ను బాధపెట్టే విషయం. నాకు మొదట కంప్యూటరు అసెంబుల్ చేసి ఇచ్చిన దుకాణంలో, బిల్లు తగ్గించడానికి క్యాబినెట్‌తో కలిపి వచ్చే చవక ఎస్‌ఎంపీఎస్‌నే పెట్టారు. పైన 450 వాట్లు అని అచ్చువేసి ఉంది. చేతిలోకి తీసుకుంటే ఖాళీ టిఫిన్ క్యారియరంత తేలిక. గ్రాఫిక్స్ కార్డూ, ప్రాసెసర్ రెండూ ఒకేసారి పనిచేస్తే దాని 12 వోల్టుల తీగలో 11.3 కనిపించేది, నిబంధనల ప్రకారం 5 శాతానికి మించి తగ్గకూడదు, అంటే 11.4 కంటే దిగకూడదు. పునాది అలా ఉన్నప్పుడు ఏ ప్రాసెసర్ ఎంతవరకు వెళ్తుందో తెలుసుకోవడం అసాధ్యం. తప్పు ప్రాసెసర్‌దో, విద్యుత్తుదో చెప్పలేం. దానిని మార్చిన తరువాతే నేను తక్కిన పని మొదలుపెట్టాను. అదే సమయంలో బోర్డు మీది కెపాసిటర్ల తలలను టార్చిలైటు వేసి చూడాలి. ఒక్కటైనా ఉబ్బి ఉన్నా, గోధుమరంగు జిగురు కారి ఉన్నా ఆ బోర్డును ఓవర్‌క్లాక్ చేయవద్దు. గోడ ప్లగ్గుకు ఎర్తింగ్ సరిగ్గా ఉందా అన్నది కూడా చూపించుకోవాలి. బయోస్ అమరికలను గుర్తుపెట్టుకునే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ ఇన్నేళ్లకు అయిపోయి ఉంటుంది, కాబట్టి ముందే కొత్తది వేసుకోవడం మంచిది. బయోస్ అమరికలను తుడిచే సీమాస్ జంపరు బోర్డు మీద ఎక్కడుందో యంత్రం పనిచేస్తున్నప్పుడే కనిపెట్టి ఉంచుకోవాలి.

ఆ తరువాత మామూలు వేగంలోనే యంత్రం నిజాయితీగా ఉందని నిర్ధారించుకోవాలి. మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపి ర్యామ్‌ను రాత్రంతా పరీక్షించాను. డీడీఆర్3 ర్యామ్‌ను 1333 వేగంలో, 1.5 వోల్టులలో అలాగే వదిలేశాను. రెండు విషయాలను ఒకేసారి మారిస్తే తప్పు వచ్చినప్పుడు కారణం దొరకదు.

ఇక మల్టిప్లయర్. బయోస్‌లో కోర్ వోల్టేజీని ‘ఆటో’లో వదిలి మల్టిప్లయర్‌ను మాత్రమే పెంచడం, కొత్తవారు తెలియక చేసే పెద్ద పొరపాటు. ఆటోలో ఉన్న బోర్డు, యంత్రం ఎలాగైనా నిలబడాలన్న ఉద్దేశంతో అవసరానికి మించిన వోల్టేజీని తానే ఇస్తుంది. నా బోర్డు 4.4కు ఏకంగా 1.40 దాటించింది, అది నాకు చెప్పి చేయలేదు, ప్రాసెసర్ వివరాలు చూపే సీపీయూ-జడ్ ప్రోగ్రాములో చూస్తేనే తెలిసింది. అందుకని వోల్టేజీని చేతితో 1.25 వద్ద స్థిరంగా పెట్టాను. మల్టిప్లయర్‌ను మొదట 37కు మార్చాను. ఇంటెల్ ఒక్క కోర్ పనిచేస్తున్నప్పుడు తానే అనుమతించే టర్బో వేగం అది. నాలుగు కోర్లకూ దానిని వర్తింపజేయడం మొదటి మెట్టు. తరువాత 39, 40, 41. ప్రతి మెట్టు దగ్గరా పదిహేను నిమిషాలు ప్రైమ్95, పక్కనే హెచ్‌డబ్ల్యూఇన్‌ఫోలో ఉష్ణోగ్రత, వోల్టేజీ. 42 వద్ద ఏడో నిమిషంలో ఒక కోర్ మీద పరీక్ష ఆగిపోయింది. లెక్కలో రౌండింగ్ తేడా 0.4 కంటే తక్కువ రావలసినది 0.5 వచ్చిందని ప్రైమ్95 కిటికీలో ఒక వరుస కనిపించింది. నీలి తెర లేదు, యంత్రం గడ్డకట్టలేదు, మౌసు హాయిగా కదులుతోంది. నా షష్టిపూర్తి ఫొటోలను పాడుచేసినది సరిగ్గా ఇటువంటి తప్పే. ఆ వరుసను మా మేనల్లుడికి తెర మీద వేలు పెట్టి చూపించాను. “ఒరేయ్, ఇది కాలిపోవడం కాదు. ఇది అబద్ధం చెప్పడం” అన్నాను. వాడు మరి నలభై ఎనిమిది మాట ఎత్తలేదు. వోల్టేజీని ఒక్క మెట్టు పెంచి 1.26 చేశాక 42 నిలబడింది.

ప్రైమ్95 మెర్సెన్ ప్రధాన సంఖ్యలను వెతకడానికి తయారైన ప్రోగ్రాము. ముందే తెలిసిన ఫలితాలతో తన లెక్కను పోల్చుకోగలదు కాబట్టి అది మంచి పరీక్ష కూడా అయింది. దాని 27వ శ్రేణి నుంచి ఒకేసారి అనేక సంఖ్యల మీద లెక్క చేయించే ఏవీఎక్స్ ఆదేశాలను వాడుతుంది, అవి శాండీ బ్రిడ్జ్‌ను మరింత వేడెక్కిస్తాయి. ఉష్ణోగ్రత 80 దాటితే నేను పరీక్షను ఆపేస్తాను. ఇందులోని చిన్న ఎఫ్‌ఎఫ్‌టీ పరీక్ష కోర్లను, బ్లెండ్ పరీక్ష ర్యామ్‌ను కూడా కలుపుకుని పరీక్షిస్తాయి, రెండూ కావాలి. నిజ జీవితంలో ఇంత భారం ఎప్పుడూ పడదు కదా, ఆటలు ఆడితే నిలబడుతోంది కదా అని కొందరు ఈ పరీక్షను తప్పుబడతారు. ఆటలో ఒక చుక్క రంగు తప్పితే నష్టం లేదన్నది నిజమే. కానీ ఆ కంప్యూటరులో ఆటలు తప్ప మరేమీ చేయబోమని ఎవరు హామీ ఇవ్వగలరు? ఫైలు కుదిస్తాం, బ్యాంకు కాగితాలు దాస్తాం, పిల్లల ప్రాజెక్టులు రాస్తాం. నేను చివరి విలువ మీద ఎనిమిది గంటలు బ్లెండ్ నడిపి, ఆ మరునాడు విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిచి, అందులో ‘డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్’ పేరుతో ఏమైనా నమోదైందేమో చూశాను. ప్రాసెసర్ తప్పు చేసి తనే సరిదిద్దుకున్న సందర్భాలు అక్కడ చడీచప్పుడు లేకుండా నమోదవుతాయి. ఒక్క వరుస ఉన్నా ఆ అమరిక పాసైనట్లు కాదు. నీలి తెర వచ్చి దాని మీద 0x101 గాని 0x124 గాని కనిపిస్తే ఈ తరంలో తరచుగా కోర్ వోల్టేజీ చాలలేదని అర్థం. అప్పుడు వోల్టేజీ పెంచడం ఒక దారి, మల్టిప్లయర్‌ను ఒకటి తగ్గించడం మరో దారి. హద్దు దగ్గర పడినప్పుడు నేను ఎప్పుడూ రెండో దారినే ఎంచుకుంటాను.

లోడ్‌లైన్ కాలిబ్రేషన్ అనే అమరిక గురించి కొంచెం చెప్పాలి. పొలంలో మోటారు వేయగానే ఇంట్లో బల్బు కాస్త మందగించినట్లు, ప్రాసెసర్ మీద భారం పడగానే దానికి అందే వోల్టేజీ కొద్దిగా తగ్గుతుంది. అది లోపం కాదు, కావాలని అలా రూపొందించారు. భారం ఒక్కసారిగా తొలగినప్పుడు వోల్టేజీ పైకి ఎగసిపడకుండా అది కాపాడుతుంది. ఈ అమరికను గరిష్ఠానికి పెడితే తెర మీద అంకె చదునుగా, అందంగా కనిపిస్తుంది. కంటికి కనిపించని క్షణాల్లో మాత్రం వోల్టేజీ మనం గీసిన హద్దును దాటిపోతుంది. నడిమి స్థాయిలో పెట్టి, భారం పడినప్పుడు కనిపించే అంకెనే అసలు వోల్టేజీగా లెక్కించుకోవాలి.

నిలకడ కుదిరిన తరువాత స్థిర వోల్టేజీ నుంచి ‘ఆఫ్‌సెట్’ పద్ధతికి, అంటే ప్రాసెసర్ తాను అడిగే వోల్టేజీకి కొంత కలపడమో తగ్గించడమో చేసే పద్ధతికి మార్చుకున్నాను. ఈఐఎస్‌టీ, సీ1ఈ వంటి విద్యుత్ పొదుపు అమరికలను ఆపివేయమని పాత సలహాలు చెబుతాయి; నేను ఆపలేదు. ఏ పనీ లేనప్పుడు ప్రాసెసర్ 1600 మెగాహెర్ట్జ్‌కు దిగి, వోల్టేజీని తగ్గించుకుని సేదదీరుతుంది. రోజులో ఎక్కువ సమయం కంప్యూటరు మన కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది కాబట్టి, ఈ పొదుపు వల్ల అరుగుదలలోనూ కరెంటు బిల్లులోనూ తేడా వస్తుంది. ఆఫ్‌సెట్‌ను మరీ తగ్గించితే భారం ఉన్నప్పుడు కాక, ఖాళీగా ఉన్నప్పుడు యంత్రం ఆగిపోతుంది. ఆ సంగతి తెలియక చాలామంది కారణాన్ని వేరే చోట వెతుకుతారు.

ఇంత చేశాక ఏమి వచ్చింది? మా మేనల్లుడు బ్లెండర్ అనే 3డీ ప్రోగ్రాములో చేసిన ఒక బొమ్మ రెండర్ కావడానికి, అంటే తుది చిత్రంగా తయారవడానికి ముందు 20 నిమిషాలు పట్టేది, ఇప్పుడు 16 నిమిషాల్లో పూర్తవుతోంది. ఫైళ్ల కుదింపులోనూ అదే నిష్పత్తి. బ్రౌజరు తెరవడంలో, రాతపనిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంకా హార్డ్‌డిస్కు మీదే నడుస్తున్న పాత కంప్యూటరు ఎవరి దగ్గరైనా ఉంటే, వారు ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు ఒక సాటా ఎస్‌ఎస్‌డీ కొనుక్కోవాలని నా మనవి. 4 జీబీ ర్యామ్ ఉంటే దానిని 8 చేసుకోవాలి. 3.3 గిగాహెర్ట్జ్‌లోనే ఆ మార్పు ఇచ్చే హాయిని ఏ ఓవర్‌క్లాకూ ఇవ్వలేదు. ఓవర్‌క్లాకింగ్ తీర్చలేని కొరతలు కూడా ఉన్నాయి. 2013లో హాస్వెల్ తరంతో వచ్చిన ఏవీఎక్స్2 ఆదేశాలు ఈ ప్రాసెసర్‌లో లేవు, వాటిని తప్పనిసరిగా కోరే ప్రోగ్రాములు 5 గిగాహెర్ట్జ్ వద్ద కూడా నడవవు. విండోస్ 11 దీనిని అధికారికంగా అంగీకరించదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి దీనిలో ఇప్పుడు లినక్స్ వేశాను. డబ్ల్యూహెచ్‌ఈఏ బదులు కెర్నెల్ లాగ్‌లో మెషీన్ చెక్ తప్పిదాల కోసం చూస్తాను. 2018లో బయటపడిన మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ భద్రతా లోపాలకు వేసిన రక్షణలు పాత ప్రాసెసర్ల వేగాన్ని కొంత తగ్గించాయి, వాటిని తీసేసి ఆ వేగాన్ని వెనక్కి తెచ్చుకోమని సలహా ఇచ్చేవారు ఉన్నారు. ఇంటర్నెట్ వాడే యంత్రంలో ఆ పని చేయడాన్ని నేను సమర్థించలేను.

క్యాబినెట్ తలుపు లోపలి వైపు ఒక చీటీ అంటించాను. అందులో తేదీ, గది ఉష్ణోగ్రత, మల్టిప్లయర్, భారం మీద వోల్టేజీ, అత్యధిక ఉష్ణోగ్రత అన్న గళ్లు ఉన్నాయి. ఆరు నెలలకు ఒకసారి బ్లెండ్ పరీక్ష మళ్లీ నడిపి ఒక వరుస రాస్తాం. మే నెల మొదటి వారంలో మల్టిప్లయర్‌ను 40కి దించి, తొలకరి పడ్డాక మళ్లీ 42 చేస్తాం. కిందటి వేసవిలో ఆ వరుస రాసింది మా మేనల్లుడే. గది 39, మల్టిప్లయర్ 40, వోల్టేజీ 1.24, ఉష్ణోగ్రత 72 అని రాసి, పక్కన ఉన్న ఖాళీలో ‘7-జిప్ టెస్ట్ సరే’ అని కూడా వాడే చేర్చాడు.